పొలం ప్లాటైతే నీళ్లు మిగలవు

కృష్ణా డెల్టా గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఈమధ్య ఒక వాదన బాగా చెలామణీ అవుతోంది. పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు దాకా బందరు రోడ్డు పొడవునా పొలాలు వెంచర్లయ్యాయి. అవతలి గట్టున తాడేపల్లి, మంగళగిరి, తెనాలి దారి కూడా అదే బాట పట్టింది. ఆయకట్టు తగ్గింది కాబట్టి దానికిచ్చే నీళ్లు మిగిలినట్టే, ఆ మిగులును నగరానికో పరిశ్రమకో మళ్లించుకోవచ్చు అన్నది ఆ వాదన. ఉన్న కాలువకు కాంక్రీటు పోస్తే ఇంకాస్త మిగులుతుందట. ఊరి మధ్య కంపు కొట్టే కాలువను మూసి పైన రోడ్డు వేస్తే ట్రాఫిక్ బాధా తీరుతుందట. దీనంతటికీ పెట్టిన పేరు ఆధునికీకరణ.

వెంచర్ల బ్రోషర్లు అచ్చువేసే వాళ్లే ఈ మాట అంటుంటే పట్టించుకోనక్కర్లేదు. పట్టణ ప్రణాళికలు గీసేవాళ్లు, ఇరిగేషన్ శాఖలో జీవితం గడిపిన కొందరు ఇంజినీర్లు కూడా అంటున్నారు. అందుకే దాన్ని విప్పి చూడాలి.

వాళ్ల లెక్క ఇలా నడుస్తుంది. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు చూపిన నీరు 181.2 టీఎంసీలు. ఆయకట్టు 13 లక్షల ఎకరాలకు కాస్త పైన. భాగిస్తే టీఎంసీకి దాదాపు 7,200 ఎకరాలు. అంటే 7,200 ఎకరాలు ప్లాట్లయిన రోజున ఒక టీఎంసీ మిగలాలి. భాగహారం సరిగ్గానే ఉంది. కానీ కాలువ ఆ భాగహారం ప్రకారం పారదు.

డెల్టా కాలువ పనిచేసేది మట్టం మీద. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట కింద తవ్విన ఈ కాలువలు సాగుకే కాదు, పడవలకూ పనికొచ్చేలా తవ్వినవి. అందుకే మధ్యమధ్య లాకులు, అందుకే అంత తక్కువ వాలు, అంత నింపాది ప్రవాహం. అలాంటి కాలువలో నీరు పూర్తి మట్టానికి వస్తేనే పక్క తూములు అందుకుంటాయి. మట్టం అడుగు తగ్గిందా, తూము ముందు నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి, బోదెలోకి మాత్రం చుక్క దిగదు. ఆయకట్టులో పదో వంతు ప్లాట్లయినంత మాత్రాన మట్టాన్ని పదో వంతు తగ్గించలేరు. శివారున నాగాయలంక పొలం తడవాలంటే దారి పొడవునా కాలువ నిండి ఉండాల్సిందే. దారిలో నేలలోకి ఇంకే నీరూ, ఆవిరయ్యే నీరూ కూడా ఎకరాలను బట్టి తగ్గవు. కాలువ ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎన్ని రోజులు పారింది అన్నదాన్ని బట్టి ఉంటాయి.

జపాన్ వాళ్లకు ఈ సంగతి ఎప్పుడో అనుభవమైంది. టోక్యో చుట్టుపక్కల వరి మళ్లు ఇళ్లుగా మారినప్పుడు, పొలం తగ్గినా కాలువకు కావలసిన నీరు ఆ మేరకు తగ్గడం లేదని అక్కడి ఇంజినీర్లు గమనించారు. మట్టం నిలబెట్టడానికే పోయాల్సిన నీటిని సాగు లెక్కలో ప్రత్యేకంగా చూపడం మొదలుపెట్టారు. మన లెక్కల్లో అలాంటి గడి ఒకటుండాలని అడిగేవాళ్లే కనపడరు.

ఇక అసలు తిరకాసు. పొలాలు వరసగా, శివారు నుంచి పైకి ఒక పద్ధతిలో ప్లాట్లు కావు. రోడ్డు ఎటు వెళ్తే అటు, ధర ఎక్కడ పలికితే అక్కడ, ముప్ఫై ఎకరాలు ఇక్కడ, పన్నెండెకరాలు అక్కడ లేస్తాయి. లేఅవుట్ మధ్యనుంచి పోయే పంట బోదెకు గ్రావెల్ పడుతుంది. మంచి మనసున్న యజమాని అయితే ఒక సన్న గొట్టం వేసి వదిలేస్తాడు. ప్లాట్లు రోడ్డు ఎత్తుకు రావాలి కాబట్టి నాలుగడుగుల మట్టి తోలి మెరక చేస్తారు. దాంతో ఆ వెనకున్న నలభై ఎకరాలకు జులైలో నీళ్లు రావు, అక్టోబరు తుపానులో వచ్చిన నీళ్లు బయటికి పోవు. నారుమడి ఎండి, కోతకొచ్చిన చేను మునిగి, రెండు మూడేళ్లు చూసి రైతు ఆ పొలమూ అమ్మేస్తాడు. అప్పుడు ఆఫీసులో ఆయకట్టు ఇంకో నలభై ఎకరాలు తగ్గిందని రాసుకుంటారు, మిగులు మరింత పెరిగిందంటారు. ఆయకట్టు తగ్గి నీళ్లు మిగిలాయా, నీళ్లందక ఆయకట్టు తగ్గిందా అన్నది తేల్చకుండా ఆ అంకెతో వాదించడం అన్యాయం.

ఇళ్లొచ్చిన ఎకరానికి నీళ్లే అక్కర్లేదన్నట్టు మాట్లాడటం మరీ విడ్డూరం. పై భాగహారం ప్రకారం డెల్టాలో ఎకరానికి ఏడాదికి వచ్చేది 39 లక్షల లీటర్ల చిల్లర. ఆ ఎకరంలో పదిహేను ఇళ్లు కట్టి అరవై మంది ఉన్నారనుకుందాం. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో అందరూ వాడే ప్రమాణం. ఏడాదికి 29 లక్షల లీటర్లు దాటుతుంది. అదే ఎకరంలో అపార్ట్‌మెంట్ లేచి రెండు వందల మంది ఉంటే 98 లక్షల లీటర్లు, అంటే వరికి ఇచ్చినదానికి రెండున్నర రెట్లు. పైగా వరికి కావలసింది కొన్ని నెలలే. కాలువ కట్టేసిన ఎండాకాలంలో పొలం నోరెత్తదు, అపార్ట్‌మెంట్ మాత్రం ట్యాంకరు పిలుస్తుంది. తాగి, వాడి వదిలిన నీళ్లలో ఎనభై శాతం దాకా మురుగుగా బయటికొస్తుంది. ఆ మురుగు వెళ్లేది ఎక్కువ చోట్ల ఒకప్పుడు ఆ పొలానికి నీళ్లిచ్చిన కాలువలోకే.

కాంక్రీటు సంగతికి వద్దాం. లైనింగ్ దండగ అని ఎవరూ అనరు. ఇసుక నేలలో, గట్టు కోసుకుపోయే చోట, ఇళ్ల మధ్య ఇరుకున అది కావాల్సిందే. డెల్టా అంతటికీ అదే మందు అనడంతోనే పేచీ. కృష్ణా డెల్టాలో చాలా భాగం నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చే నేల. అలాంటి నేల మీద పలకలు పోస్తే అవి రెండు మూడు సీజన్లలో పైకి లేచి పగులుతాయని ఇంజినీర్లకు తెలియనిది కాదు. ఉబ్బే నేలల్లో కాలువ లైనింగ్ ఎలా చేయాలో చెప్పడానికి భారత ప్రమాణాల సంస్థ ప్రత్యేకంగా ఒక ప్రమాణమే రాసింది. కింద ఉబ్బని మట్టి పొర పరిచి, దాని మీద పోయాలి. ఆ పొరకు మట్టి ఎక్కడినుంచో తేవాలి, ఖర్చు పెరుగుతుంది, తగ్గించుకోవాలనిపిస్తుంది. డెల్టాలో భూగర్భ నీటిమట్టం పైనే ఉంటుంది కాబట్టి కాలువ కట్టేయగానే కింది నీటి ఒత్తిడి పలకను పైకి నెడుతుంది. పగిలిన లైనింగ్ పక్కనే కొత్త లైనింగ్‌కు టెండరు పడటం డెల్టా వాళ్లకు వింతేమీ కాదు.

ఇంకిన నీరు ఎటు పోతుందన్నది ఇంకో ప్రశ్న. ఎగువ ఊళ్లలో అది బావుల్లోకి, చేతి పంపుల్లోకి వెళ్తుంది. మురుగు కాలువలోకి దిగితే దిగువ రైతు ఆయిల్ ఇంజను పెట్టి తోడుకుంటాడు. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పునీటి మీద పలుచగా నిలిచే తీపినీటి పొరకు ఈ ఇంకుడే ఆధారం. కాబట్టి లైనింగ్ చేసి మిగిల్చామని చెప్పే నీటిలో కొంత నిజంగా మిగిలింది, కొంత ఒకరి బావిలోంచి తీసి ఇంకొకరి గొట్టంలో పోసింది.

కాలిఫోర్నియాలో ఆల్ అమెరికన్ కెనాల్ అని ఇంపీరియల్ లోయకు కొలరాడో నది నీళ్లు తెచ్చే పెద్ద కాలువ ఉంది. మెక్సికో సరిహద్దు పక్కనే, ఇసుక నేలలో పారుతుంది. అందులో 23 మైళ్ల మేర మట్టి కాలువ స్థానంలో కాంక్రీటు కాలువ కట్టి ఏటా 67,700 ఎకరా అడుగులు ఆదా చేశారు. మన కొలతలో దాదాపు మూడు టీఎంసీలు. అందులో అధిక భాగం శాన్ డియాగో నగరానికి వెళ్లింది. అయితే ఆ ఊటే సరిహద్దుకు అవతల మెహికాలి లోయ రైతుల బావులను నింపుతూ ఉండేది. పని ఆపాలని అటువైపు వాళ్లు అమెరికా కోర్టులకెక్కారు. 2006లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి మరీ పని ముందుకు నడిపించింది. ఆ ఇసుక నేలలో, అంత డబ్బు పెట్టి, అంత పక్కాగా చేసిన చోట కూడా కొత్త నీళ్లు పుట్టలేదు. చేతులు మారాయి.

మన దగ్గర ఇంకా విచిత్రం. పనికంటే ముందు పంపకం జరిగిపోయింది. కృష్ణా డెల్టాను ఆధునికీకరిస్తే 29 టీఎంసీలు ఆదా అవుతాయని లెక్క వేశారు. అందులో 20 మహబూబ్‌నగర్ జిల్లా భీమా ఎత్తిపోతలకు, 9 పులిచింతల జలాశయంలో ఆవిరయ్యే నీటికి అని ఉమ్మడి రాష్ట్రంలో తొంభైలలోనే రాసేసుకున్నారు. నాలుగున్నర వేల కోట్ల రూపాయలకు పైబడిన అంచనాతో డెల్టా ఆధునికీకరణ పనులు మొదలైంది ఆ తర్వాత పదేళ్లకు పైగా గడిచాక. కాలువ కట్టేసే వేసవి వారాల్లోనే పని చేయాలి కాబట్టి, ఆ గడువు చాలక, ప్యాకేజీలు కొన్ని సగంలో ఆగాయి, కొన్ని రద్దయ్యాయి. మహబూబ్‌నగర్ మెట్ట రైతుకు నీళ్లు దక్కడం న్యాయమే, దాన్ని తప్పుపట్టడానికి లేదు. తప్పు ఎక్కడంటే, ఆదా అయిందో లేదో కొలవకుండా ఆదాను ఖర్చు రాసేయడంలో. ఇప్పుడు ప్లాట్ల మిగులు పేరుతో అదే పద్ధతి మళ్లీ తలెత్తుతోంది.

మూసేద్దామన్న సలహాకు విజయవాడే జవాబు. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మూడూ ఊరి నడుమ నుంచి పోతాయి. నగరవాసికి అవి దుర్గంధం, దోమలు, గుర్రపు డెక్క, గట్టు మీద గుడిసెలు. కానీ బందరు కాలువలో పడేసింది విజయవాడలో ఆగదు. బందరు (మచిలీపట్నం) తాగునీటి చెరువు తరకటూరులో ఉంది, అది నిండేది ఈ కాలువ నీటితోనే. డెల్టా ఊళ్లలో మంచినీటి చెరువులన్నీ కాలువ కట్టేసే ముందు ఇలాగే నింపుకుంటారు. పైన కప్పేసిన కాలువలో ఏం కలుస్తోందో ఎవరికీ కనపడదు. పూడిక తీయడానికి యంత్రం దిగదు. మురుగు గొట్టం కలిపినవాడిని పట్టుకోవడం అసాధ్యమవుతుంది. కంపు తగ్గేది నగరానికి, విషం పెరిగేది బందరుకు.

మురుగు కాలువల ఊసు ఆధునికీకరణ చర్చల్లో చివరి పేజీకి పోతుంది. డెల్టాలో మాత్రం పంట కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ అంతే. 1960లలోనే మిత్రా కమిటీ ఈ డెల్టాల ముంపు మీద ప్రత్యేకంగా పరిశీలించి మురుగు కాలువల వెడల్పు గురించి చెప్పాల్సింది చెప్పింది. పొలాన్ని ప్లాటుగా మారిస్తే వాన నీరు ఇంకే నేల పోతుంది, పరుగెత్తే నీరు పెరుగుతుంది, అంటే మురుగు కాలువ ఇంకా పెద్దది కావాలి. జరిగేది తలకిందులు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు డైవర్షన్ ఛానల్‌కు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అప్పుడే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయింది. వాన అసాధారణమైనదే, కాదనలేం. అయినా నగరంలో బుడమేరు పాత దారి కుంచించుకుపోయిన సంగతి ఆ వానకు ముందే అందరికీ తెలుసు.

మరి ఊరు పెరిగితే కాలువ బతకగలదా? అమెరికాలో ఫీనిక్స్ నగరం చూడాలి. సాల్ట్ నది లోయ రైతులు 1903లో సంఘం కట్టుకున్నారు. 1911లో రూజ్‌వెల్ట్ డ్యామ్ పూర్తయింది. నూరేళ్లలో ఆ ఆయకట్టులో చాలా భాగం నగరమైంది. అయినా 131 మైళ్ల ప్రధాన కాలువలు ఇప్పటికీ పారుతున్నాయి. కారణం ఏమంటే అక్కడ నీటి హక్కు భూమికి అంటిపెట్టుకుని ఉంటుంది. పత్తి చేను కాలనీ అయితే ఆ భూమి నీళ్లు అదే కాలువ గుండా నగరపాలక సంస్థ శుద్ధి కేంద్రానికి వెళ్లి, అదే భూమి మీది ఇళ్లకు వస్తాయి. పాత కాలనీల్లో వేల ఇళ్లవాళ్లు పెరటి చెట్లకు ఇప్పటికీ వంతు ప్రకారం కాలువ నీళ్లు పెట్టుకుంటారు. ఏటా శీతకాలంలో కాలువలను వంతులవారీగా ఎండగట్టి బాగుచేస్తారు. నాచు, గడ్డి తినడానికి 1989 నుంచి గడ్డి చేపలను వదులుతున్నారు. గడ్డి చేపను కైకలూరు చెరువుల్లో పెంచేవాళ్లకు ప్రత్యేకంగా పరిచయం చేయాల్సిన పనిలేదు. మనం మాత్రం ఏటా గుర్రపు డెక్క మీద కాంట్రాక్టులు పిలుస్తాం, మందులు కొడతాం. ఈ చేప గుర్రపు డెక్కను పెద్దగా ముట్టదు, నిజమే. నీటిలో మునిగి పెరిగే నాచుకైనా ఆలోచించవచ్చు కదా.

అంత దూరం వద్దనుకుంటే పక్క రాష్ట్రం ఉంది, అదే కృష్ణా నది మీద. కర్ణాటకలో నారాయణపుర ఎడమ కాలువకు వేల కొద్దీ గేట్లు బిగించి, ఒక్కోదాని దగ్గర ఎంత నీరు దాటుతోందో కొలిచి, కేంద్రం నుంచే తిప్పే ఏర్పాటు చేశారు. ఆ విస్తరణ, ఆధునికీకరణ పథకాన్ని 2023 జనవరిలో ప్రధాని ప్రారంభించారు. దాదాపు 4,700 కోట్ల రూపాయల ఖర్చు. యంత్రాలు పాడవుతాయి, ఎవడో గేటు విరగ్గొడతాడు, అది వేరే తలనొప్పి. కానీ అక్కడ కాంక్రీటుతో పాటు నీటిని కొలవడాన్నీ అందించడాన్నీ కూడా ఆధునికీకరణ అన్నారు. కృష్ణా డెల్టాలో బోదె తూము దగ్గర పారిన నీటిని కొలిచేది ఏది? లాకు దగ్గర లస్కరు చూపు. ఆ లస్కర్లూ తగ్గిపోయారు. ఒక్కో మనిషికి చూడాల్సిన మైళ్లు పెరిగాయి.

మిగులు వాదన చేసేవాళ్లు ఎదురు ఉదాహరణ చూపించగలరు. జపాన్‌లోనే సైతామా ప్రాంతపు మినుమా కాలువ 1728లో తవ్విన వరి కాలువ. చుట్టూ నగరం పెరిగాక, దాన్ని ఆధునికీకరించి మిగిల్చిన నీటిని టోక్యోకు, సైతామా పట్టణాలకు తాగునీటిగా మళ్లించారు. అది జరిగింది, నిజం. ఎలా జరిగిందన్నది చూడాలి. 1970ల చివర మొదలైన పని 1990ల దాకా సాగింది. పొలాలు తగ్గాయి కనుక నీళ్లు తమంతట తామే వచ్చి పడలేదు. తక్కువ నీటితోనూ మిగిలిన మళ్లకు అందేలా కాలువను కొత్తగా కట్టారు. తాగునీరు తీసుకున్న వైపు నుంచి ఖర్చులో వాటా వచ్చింది. ముందు కాలువ బాగుపడింది, మిగులు తర్వాత పుట్టింది. మన దగ్గర వినిపించే సలహా ఈ వరసను తిరగేసింది.

డబ్బు సంగతే చాలామంది దాటేసేది. మన నీటి తీరువా ఎకరాల మీద కట్టేది, నీటి పరిమాణం మీద కాదు. పొలం ప్లాటైతే ఆ ఎకరం తీరువా పద్దులోంచి పోతుంది. గట్టు మరమ్మతు, పూడిక, లాకు తలుపు, లస్కరు జీతం మాత్రం అంతే ఉంటాయి. ప్లాటు మీద లక్షలు గడించినవాడు కాలువకు పైసా బాకీ లేనట్టు బయటపడతాడు. 1997 చట్టం కింద ఉమ్మడి రాష్ట్రంలో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. అవి పంటకు నీళ్లు పెట్టే రైతుల సంఘాలు. కాలువ నీరు తాగే పట్టణం, కాలువలో మురుగు వదిలే కాలనీ, బోదె పూడ్చిన లేఅవుట్ ఆ సంఘాలకు జవాబు చెప్పక్కర్లేదు. ఊరు పెరుగుతున్న చోట కాలువను నడపాల్సిన సంఘంలో ఊరికి చోటు లేదు, బాధ్యతా లేదు.

కాబట్టి చేయాల్సింది లేఅవుట్ అనుమతి దగ్గరే మొదలవ్వాలి. ప్లాన్‌లో రోడ్లు, పార్కు గీసినట్టే దాని మీదుగా వెళ్లే పంట బోదెనూ, మురుగు బోదెనూ కొలతలతో గీయించాలి. ఎగువ తూము నుంచి దిగువ పొలం దాకా సరిపడే గొట్టం యజమాని ఖర్చుతోనే వేయించాలి, దాన్ని శుభ్రం చేసుకునే దారి ఉంచాలి. నీళ్లు దిగువకు చేరుతున్నాయని సంఘం సంతకం పెట్టేదాకా చివరి అనుమతి ఆపాలి. లేఅవుట్ అనుమతికి కట్టే రుసుములో ఒక వాటా ఆ కాలువ పద్దుకే జమ కావాలి. తాగునీటికి కాలువ నీళ్లు తీసుకునే పట్టణాలు పరిమాణం మీద డబ్బు కట్టాలి. మధ్యలో మురుగు కలిపే పట్టణం ఆ కింది ఊళ్ల శుద్ధి ఖర్చు భరించాలి.

మట్టం సంగతికొస్తే, ప్రతి బ్రాంచి కాలువ మీద అడ్డుగేట్లు, బాతు ముక్కు ఆకారంలో కట్టే పొడవాటి అడ్డుగోడలు పెడితే తక్కువ ప్రవాహంలోనూ తూముకు అందే మట్టం నిలుస్తుంది. వాటికి అయ్యే ఖర్చు మైళ్ల కొద్దీ లైనింగ్‌తో పోలిస్తే చిన్నది. అవి పూర్తయి, దివిసీమలోనూ బందరు పక్కనా ఉన్న శివారు తూముల దగ్గర రెండు మూడు సీజన్లు నీరు కొలిచాక, నిజంగా మిగిలిందెంతో రాసి చూపవచ్చు. ఆ అంకె బయటికి రాకుండా ప్లాట్ల మిగులు పేరుతో వచ్చే ఏ కేటాయింపు ఉత్తర్వునైనా డెల్టా సంఘాలు, బందరు పట్టణం కలిసి అభ్యంతరం పెట్టాలి.